నవ్వొచ్చిన సాక్ష్యం

మిల్వాకీ
సెప్టెంబరు 9

ఆర్డిస్ అత్తకి,

ఫోను చేస్తే ఎత్తవు. మెసేజీ పెడితే నెల తర్వాత చూసి "ఇదేంటి?" అంటావు. "ఇరవైతొమ్మిదేళ్ళు ఊరందరి ఉత్తరాలూ బండిలో మోశాను, నాకొక్కటి రాయడానికి నీ చేతులు పడిపోయాయా?" అని బస్టాండులో అందరి ముందూ అరిచావుగా, ఇదిగో రాస్తున్నాను. మన వెస్టర్‌బీ పోస్టాఫీసు మూతపడకుండా ఆపిన పుణ్యం నాదే.

కాలేజీ బ్రహ్మాండంగా ఉంది. నా గదిలో ఉండే అబ్బాయి మూడు వారాల్లో నాతో రెండు మాటలన్నాడు: "తలుపు", "వెయ్యి". భోజనశాలలో నాకంటూ ఒక బల్ల కూడా ఉంది, నేను కూర్చోగానే మిగతావాళ్ళు లేచిపోతారు కాబట్టి.

అందుకని మాక్ ట్రయల్ జట్టులో చేరాను. అంటే ఉత్తుత్తి కోర్టు. దేశంలో కాలేజీలన్నిటికీ ఏడాదికొక కట్టుకథ కేసు ఇస్తారు. జట్టులో కొందరు లాయర్లు, కొందరు సాక్షులు. ఊరూరా తిరిగి వేరే కాలేజీలతో వాదించాలి. పొద్దున ఒక పక్షం, మధ్యాహ్నం అవతలి పక్షం. నిజం లాయర్లు వచ్చి కూర్చుని ఒక్కొక్కరికీ పదికి ఇన్నని మార్కులు వేస్తారు. ముద్దాయి నేరం చేశాడా లేదా అన్నది ఎవడికీ పట్టదు.

ఈ ఏటి కేసేంటంటే, జాతరలో జామ్ పోటీకి తీర్పరిగా వచ్చినాయన విషం కలిసిన జామ్ ఒక చెంచా నాకి చచ్చిపోయాడు. నేను లాయరు వేషం అడిగాను. కెప్టెన్ డెలానీ నా వాదన విని, "నీకు చేతులు వణుకుతున్నాయి. వణికే వేషం ఒకటుంది, తీసుకో" అంది. దాని పేరు పెనెలోప్ క్వింబీ. అరవైనాలుగేళ్ళ ఆవిడ. ముద్దాయి ఆ పోటీ డేరాలోంచి బయటికి రావడం చూసిన ఒకే ఒక్క సాక్షి. ఆరడుగుల రెండంగుళాల నేను ఆవిణ్ణి.

నవంబరు పోటీ దాకా చూస్తారట. అప్పటికి మార్కులు రాకపోతే తీసేస్తారు. నిజం చెప్పాలంటే అత్తా, ఈ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేది ఆ జట్టువాళ్ళే. అది కూడా పోతే నేను ఇంటికొచ్చేసి నాన్న షాపులో ట్రాక్టరు టైర్లు మార్చుకుంటాను.

నీ మేనల్లుడు,
నీల్స్


వెస్టర్‌బీ, అయోవా
సెప్టెంబరు 20

మహారాజశ్రీ క్వింబీ గారికి,

మీ నాన్న అప్పు చేసి నిన్ను అంత దూరం పంపింది ముసలిదాని వేషం కట్టడానికని తెలిసి కడుపు నిండిపోయింది. నాతో ముందే చెబితే నా కోటూ స్కార్ఫూ ఇచ్చి ఇక్కడే కూర్చోబెట్టేదాన్నిగా!

ఇక్కడి సంగతులు. పోస్టాఫీసుకి కొత్త కుర్రాడొచ్చాడు. నేనిచ్చిన కవరు మీద పిన్‌కోడు చూసి "సరిగ్గా గుర్తుందా అమ్మమ్మా?" అన్నాడు. నన్ను! నేను సంచీ మోకాళ్ళ మీద పెట్టుకుని చెప్పాను: "నాయనా, నా దగ్గర నీ వయసు చలికోటు ఒకటుంది. అదింకా నీకంటే నిలకడగా నిలబడుతుంది." క్యూలో నలుగురున్నారు, నలుగురూ పడీపడీ నవ్వారు. కుర్రాడు మాత్రం స్టాంపులు లెక్కపెట్టుకున్నాడు.

ఒంటరిగా తింటున్నావని రాశావు. చదివి గుండె కలుక్కుమంది. ఆ బల్ల దగ్గర నువ్వే లేచి పక్కబల్లకి వెళ్ళరా, చచ్చిపోవు.

కోర్టు గురించి నన్నేమైనా అడుగుతావేమో, అడక్కు. ఒకసారి వెళ్ళాను. కుర్చీ గట్టిగా ఉంది. అంతే.

అత్త


మిల్వాకీ
అక్టోబరు 11

అత్తా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇంకా రాయి. పోస్టాఫీసు కుర్రాడితో ఏమన్నావు, పాస్టరు గారితో ఏమన్నావు, చర్చి కాఫీలో పంచదార తక్కువైతే ఏమన్నావు, అన్నీ రాయి. నీ మీద బెంగగా ఉంది.

ఇక్కడ నా పరిస్థితి కాస్త మెరుగైంది. సాక్షి అన్నవాడు తనకిచ్చిన పదకొండు పేజీల వాంగ్మూలం దాటి ఒక్క ముక్క కల్పించకూడదు. కల్పిస్తే అవతలివాళ్ళు చీల్చి చెండాడతారు. కానీ ఎలా చెప్పాలన్నది మన ఇష్టం. ఎంత నవ్విస్తే అన్ని మార్కులు. మొన్న సాధనలో నేనొక మాటంటే డెలానీ కుర్చీలోంచి జారిపోయింది. "ఎక్కడ పట్టావు ఈవిణ్ణి?" అంది. "ఎక్కడో" అన్నాను. ఇప్పుడు భోజనానికి ఏడుగురం కలిసి కూర్చుంటున్నాం.

ఒక చిన్న సందేహం, ఊరికే. నీకు కోపమొచ్చినప్పుడు చేతిసంచీ క్లిప్పు టక్కుమనిపిస్తావు చూడు, అది మాటకి ముందా, తర్వాతా? ఎన్నిసార్లు?

నీల్స్


వెస్టర్‌బీ
అక్టోబరు 17

నీల్స్‌కి,

క్లిప్పు ఎన్నిసార్లా? కాలేజీలో పాఠాలేమీ చెప్పట్లేదట్రా? మూడుసార్లు. మాటకి ముందు. అవతలివాడు పారిపోవడానికి టైమివ్వాలిగా.

పంచదార సంగతి అడిగావు. కాఫీ పోసిన లోయిస్‌తో "ఈ కప్పు కడిగిన నీళ్ళు చాలా బాగున్నాయి, కాఫీ ఎప్పుడిస్తారు?" అన్నాను. పాస్టరు గారు ప్రసంగం ఎలా ఉందనడిగితే "మొదలూ చివరా బాగున్నాయి, ఇంకా దగ్గర దగ్గరగా ఉంటే బాగుండేది" అన్నాను. చాలా? మా అన్నయ్య కొడుక్కి నా మీద ఇంత ప్రేమ పుట్టుకొచ్చిందేమిటా అని కాస్త అనుమానంగానే ఉంది. అయినా రాస్తున్నాను. మూడేళ్ళయింది రిటైరై. రోజు మొత్తంలో నా మాటకి నవ్వేది రేడియో ఒక్కటే, అదీ దాని మాటకే.

నవంబరు పోటీ డావెన్‌పోర్ట్‌లో అని మీ నాన్న చెప్పాడు. నాకు నలభై నిమిషాల దారి. వస్తాను.

అత్త


మిల్వాకీ
నవంబరు 5

అత్తా,

రావద్దు. కుటుంబసభ్యులకి ప్రవేశం లేదు. ఉన్నా కుర్చీలుండవు. ఉన్నా నీకు విసుగు, ఒక్కో రౌండు మూడు గంటలు. పైగా మంచు పడుతుందట. అన్నీ అయ్యాక నేనే వివరంగా రాస్తాను.

నీల్స్


వెస్టర్‌బీ
నవంబరు 16

నీల్స్ గారికి,

మీరు క్షేమమని తలుస్తాను. నేనూ క్షేమమే. మంచు పడలేదు.

శనివారం డావెన్‌పోర్ట్ వెళ్ళివచ్చాను. ప్రవేశం లేదని మీరు రాశారు గానీ తలుపు దగ్గరున్న అమ్మాయి "రండి రండి, ఎవరి తాలూకు?" అని కాఫీ కూడా ఇచ్చింది. ఎవరి తాలూకూ కాదని చెప్పాను. కుర్చీలు బోలెడున్నాయి. మూడో వరసలో కూర్చున్నాను.

మీరు స్కార్ఫు కట్టుకుని వచ్చారు. చేతిసంచీ మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. అవతలి లాయరు కుర్రాడు "సరిగ్గా గుర్తుందా?" అన్నాడు. క్లిప్పు మూడుసార్లు టక్కుమంది. "నాయనా, నా దగ్గర నీ వయసు చలికోటు ఒకటుంది" అన్నారు. హాలంతా గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది నేనే. ఎవరో ముసలావిడ, భలే గడుసుదే అనుకున్నాను. నవ్వు సగంలో ఉండగా ఆ ముసలావిడ ఎవరో తెలిసింది.

తర్వాత కప్పు కడిగిన నీళ్ళొచ్చాయి. పాస్టరు గారొచ్చారు. కుర్చీలోంచి లేచేటప్పుడు నడుం పట్టుకుని నేను "అమ్మో" అంటాను కదా, అదీ వచ్చింది. అది నేను మీకు రాయలేదు. చూసి పట్టారన్నమాట. చివర్న ఉత్తమ సాక్షి అని మీకొక చెక్క బహుమతి పలక ఇచ్చారు. నేను బయటికొచ్చి కార్లో ఇరవై నిమిషాలు కూర్చున్నాను. మేనల్లుడికి నా మీద బెంగ అనుకున్నాను చూడండి, నా పిచ్చి!

మీకు పనికొచ్చే ముక్క ఇంకొకటి నా దగ్గరుంది. ఇదీ వాడుకోండి.

మీరు పుట్టిన ఏడాది, కౌంటీ రోడ్డు కూడలిలో ఒక ధాన్యం లారీ వెర్నా టాలెఫ్సన్ కారుని గుద్దింది. ఆమె కుడికాలు మోకాలి కింద తీసేశారు. నాలుగువైపులా ఆగి వెళ్ళాల్సిన కూడలి అది. ఆమె ఆగలేదని లారీ అతనన్నాడు. వెర్నాకి ఏమీ గుర్తులేదు. చూసినది నేనొక్కదాన్నే, పెట్టెల్లో ఉత్తరాలు వేస్తూ. ఆమె ఆగింది. లారీ ఆగలేదు.

వెర్నా ఆస్పత్రిలో మూడో ఆపరేషన్‌కి పడుకుని ఉంటే నేను సాక్షికుర్చీలో కూర్చున్నాను. లారీవాళ్ళ లాయరు తెల్లజుట్టాయన, చాలా మర్యాదస్తుడు. "అప్పుడు మీ చేతిలో ఏముందమ్మా?" అన్నాడు. పోస్టుకార్డు అన్నాను. "చదువుతారా మీరు, జనం కార్డులు?" అన్నాడు. "చదవకపోతే ఊళ్ళో సంగతులు నాకెవరు చెబుతారండీ?" అన్నాను. జ్యూరీలో అందరూ నవ్వారు. జడ్జి నవ్వాడు. నాకు ఎంత బాగుందో చెప్పలేను. ఆ నవ్వులోనే అతను "అంటే మీ కళ్ళు కార్డు మీద ఉన్నాయి. ఇంకేమీ అడగను" అని కూర్చున్నాడు. ఆ కార్డు నేను రెండిళ్ళ అవతలే చదివేశాను. ఆ నిమిషంలో నా కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. నోరు తెరిచేసరికి దిగమన్నారు. వెర్నా లాయరు మళ్ళీ లేచి ఒక్క మాటడిగితే సరిపోయేది. అతనూ నవ్వుతున్నాడు.

వెర్నా ఓడిపోయింది. ఆ తర్వాత పదహారేళ్ళు రోజూ ఆమె పెట్టెలో ఉత్తరాలు వేశాను. కిటికీ తెర కదిలేది. ఆవిడ బయటికి రాలేదు, నేను బండి దిగలేదు.

మీ ఉత్తుత్తి కోర్టులో నవ్విస్తే పదికి పది. నాకెంత వచ్చిందో మీరే లెక్క వేసుకోండి.

ఇట్లు,
ఆర్డిస్ హాగ్లండ్


మిల్వాకీ
నవంబరు 20

అత్తా,

నన్ను "మీరు" అనకు. తిట్టు. దుంపతెంచు. అది మాత్రం వద్దు.

తప్పు చేశాను. నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు. వద్దంటే నాకింకేమీ లేదు, అందుకని చెప్పలేదు. మొదటిసారి నీ మాట అన్నప్పుడు గదిలో అందరూ నావైపు తిరిగారు. ఇక్కడికొచ్చిన నెలకి అదే మొదటిసారి. ఆ తర్వాత ఆపలేకపోయాను. నిన్ను వెక్కిరించాలని కాదు అత్తా, ఒట్టు. వాళ్ళు నిన్ను చూసి నవ్వుతుంటే నువ్వు నా పక్కనున్నట్టుండేది. ఇది రాస్తుంటేనే ఎంత దరిద్రంగా ఉందో తెలుస్తోంది.

వెర్నా గారి సంగతి నాకు తెలీదు. నాన్న ఎప్పుడూ చెప్పలేదు.

జట్టు మానేస్తానని డెలానీతో అన్నాను. "ఫిబ్రవరి పోటీలో మొదటి ఆరు జట్లే పైకి వెళ్తాయి. క్వింబీ లేకపోతే మేం కొట్టుకుపోతాం. నీకేమైనా మతిపోయిందా?" అంది. నువ్వు ఏమంటే అదే చేస్తాను.

నీల్స్


వెస్టర్‌బీ
డిసెంబరు 12

ఒరేయ్,

మూడు వారాలు రాయలేదు. కోపం ఇంకా ఉంది, కాకపోతే చలికి గడ్డకట్టింది.

మానేస్తే కాళ్ళు విరగ్గొడతాను. ఏడుగురితో కలిసి తింటున్నవాణ్ణి మళ్ళీ ఒంటరిబల్లకి పంపడానికి నేనేమైనా రాక్షసినా? నా సంచీ వాడుకో, నా నడుం వాడుకో. "అమ్మో" మాత్రం ఇంకాస్త లోపల్నించి రావాలి, నువ్వనేది పంటినొప్పిలా ఉంది.

నేనేమీ చెయ్యమనను. ఒకటి మాత్రం చూసుకో. నవ్వు అయిపోయాక ఆ గదిలో క్వింబీని ఎవరైనా నమ్ముతున్నారా? నాకప్పుడు చూసుకోవాలని తట్టలేదు.

అత్త


మిల్వాకీ
ఫిబ్రవరి 18

అత్తా,

నిన్ననే పోటీ అయింది. నీకే మొదట రాస్తున్నాను, నాన్నకి ఇంకా చెప్పలేదు.

నాలుగో రౌండు, ఆఖరిది. అప్పటికి ఐదో స్థానంలో ఉన్నాం, గెలిస్తే పైకి వెళ్తాం. అవతలి లాయరు ఒక పొట్టి పిల్ల, చాలా తెలివైనది. "క్వింబీ గారూ, ఆ సమయంలో మీరు మీ జామే రుచి చూస్తున్నారు కదా? మీ చేతిలో చెంచా ఉంది కదా?" అంది. వాంగ్మూలంలో ఉన్నదే అది. ఏడాదంతా ఈ ప్రశ్నకి నేను "చెంచా నాలుక్కి నాయనా, కళ్ళు దొంగలకి" అనేవాణ్ణి. ఎప్పుడన్నా గది దద్దరిల్లేది. మార్కులు వేసే ఇద్దరూ అప్పటికే నవ్వడానికి సిద్ధంగా వెనక్కి వాలారు. వాళ్ళ మొహాలు చూశాను. ఆ పిల్ల కూడా కాగితం మీద తర్వాతి ప్రశ్న మీద వేలు పెట్టుకుని నా జోకు కోసం ఆగింది.

క్లిప్పు ముట్టుకోలేదు. "చెంచా చేతిలో ఉంది. కళ్ళు డేరా వాకిలి మీద ఉన్నాయి. నేను చూశాను" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల "అంతేనా?" అంది. "అంతే" అన్నాను. తర్వాతి ప్రశ్న అడగకుండా వెళ్ళి కూర్చుంది. డెలానీ మా బల్ల దగ్గర కళ్ళు మూసుకుంది.

ఒకాయన ఏడు వేశాడు. ఇంకొకావిడ ఆరు వేసి పక్కన పెన్సిలుతో రాసింది: "ఈ సాక్షి సరదాగా లేదు. నమ్మాను." నమ్మితే ఆరు అత్తా! నమ్మకపోతే పది. జట్టుకి ఏడో స్థానం వచ్చింది. బస్సులో డెలానీ, "వచ్చే ఏడు నువ్వు టైము అట్టలు పట్టుకో" అంది. అంటే ఐదు నిమిషాలుంది, మూడు నిమిషాలుంది అని అట్టలు పైకెత్తే పని. వెనక సీట్లో కూర్చుని ఏడ్చాను. అబద్ధమెందుకు, బాగా ఏడ్చాను. ఇవాళ భోజనానికి ముగ్గురే వచ్చారు. నేనే లేచి వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళాను.

నీల్స్


వెస్టర్‌బీ
మార్చి 3

నీల్స్‌కి,

నీ ఉత్తరం చదివి నేనూ ఏడ్చాను, పోనీ. ఆరు మార్కులకి ఏడ్చిన ముసలిదాన్ని ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. అట్టలు పట్టుకో. పొడుగ్గా ఉన్నావు, వెనకవాళ్ళకి కూడా కనిపిస్తుంది.

నిన్న వెర్నా ఇంటికి వెళ్ళాను. కోటు తొడుక్కున్నాను, విప్పాను, మళ్ళీ తొడుక్కున్నాను. రెండు మైళ్ళు పోవడానికి పొద్దుట్నించీ మధ్యాహ్నమైంది. తలుపు కొట్టాను. చాలాసేపటికి తీసింది. జుట్టంతా తెల్లబడింది. కర్రమీద ఆనుకుని నన్ను కిందనుంచి మీదకి చూసింది.

"పోస్టుపెట్టె రోడ్డు దగ్గరుంది. వాకిలి దాకా వచ్చావేం?" అంది.

నా నోట్లో మూడు జవాబులు తయారుగా ఉన్నాయి. మూడూ మంచివే. మింగేశాను.

"కోర్టులో చెప్పాల్సింది చెప్పలేదు వెర్నా. చెప్పి పోదామని వచ్చాను" అన్నాను.

"పందొమ్మిదేళ్ళు పట్టిందా? నీ బండి అంత నెమ్మదా?" అంది. అని పక్కకి జరిగింది.

వంటగదిలో కూర్చున్నాం. కాఫీ ఇవ్వలేదు. కర్ర బల్లకి ఆనించి, "ఊరంతా నీ జోకు చెప్పుకుంది. ఆస్పత్రిలో నర్సు కూడా చెప్పి నవ్వింది, అది నా కేసని దానికి తెలీదు. జోకు నాకొచ్చు. చూసిందేంటో చెప్పు" అంది.

చెప్పాను. గురువారం, పదిన్నర అవుతోంది, ఎండ నా వెనకనుంది. నేను గుండర్సన్ వాళ్ళ పెట్టె మూత వేస్తున్నాను, చేతిలో కార్డుంది, కళ్ళు రోడ్డు మీదున్నాయి. నీ నీలంకారు కూడలి దగ్గరికొచ్చి ఆగింది. పూర్తిగా ఆగింది. నువ్వు ఎడమవైపు చూశావు, కుడివైపు చూశావు. మళ్ళీ కుడివైపు చూశావు. అప్పుడు కదిలావు. లారీ కుడినుంచి వచ్చింది, ఆగాల్సిన చోట వేగం తగ్గించలేదు. ఇంత చెప్పడానికి రెండు నిమిషాలు పట్టిందిరా. మధ్యలో ఎవరూ నవ్వలేదు.

నేను క్షమించమని అడగబోయాను. వెర్నా చెయ్యెత్తి ఆపింది.

"నేను చూశానా?" అంది. "రెండు వైపులా చూశానా?"

"చూశావు."

"నాకేమీ గుర్తులేదు ఆర్డిస్. మా ఆయన పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు, చూసుకోకుండా ఎందుకు కదిలావని. నేనూ నిజమే కాబోలనుకున్నాను. రోజూ ఆ కాలు చూసుకుని, చూసుకోకుండా ఎందుకు కదిలానా అని నన్ను నేనే అడుగుతూ వచ్చాను."

"చూశావు వెర్నా. కుడివైపు రెండుసార్లు చూశావు."

ఆవిడ మొహం రెండు చేతుల్లో పెట్టుకుంది. నేను లేచి వెళ్ళాలో కూర్చోవాలో తెలీక కూర్చున్నాను. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, కుర్చీ నా దగ్గరికి లాక్కుంది.

"మళ్ళీ చెప్పు" అంది.

మొదట్నించీ మళ్ళీ చెప్పాను.

అత్త